మత్తూరు మామ గడియారానికి నాలుగు పేర్లు

మా ఇంట్లో సబ్బుకు పేరు ఉండేది కాదు, బొమ్మ ఉండేది. చిలక సబ్బు, ఏనుగు అగ్గిపెట్టె, మేక బ్లేడు, గుడిసె కాఫీపొడి. హోసూరు అంగళ్ల వీధిలో ఒకే వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో నడిపించి, కన్నడంలో ముగించేవాళ్లు. ఇందరికి ఇన్ని లిపులు ఎక్కడ తెలుస్తాయి? బొమ్మయితే అందరికీ ఒకటే. మా నాయన సరుకుల అంగడిలో ముప్పై ఏళ్లు ఈ జంతువుల సాయంతోనే వ్యాపారం చేశాడు. ఏనుగు అగ్గిపెట్టె అడిగినవాడికి పొరపాటున కూడా గుర్రం అగ్గిపెట్టె ఇచ్చినట్లు నాకు గుర్తు లేదు.

చిక్కంతా విదేశీ సరుకుతో వచ్చింది. డెబ్బైలలో బెంగుళూరు రోడ్డు మీద, రాగి చేలున్న చోట ఫ్యాక్టరీలు లేవడం మొదలైంది. వాటి వెంబడి టై కట్టుకున్న మనుషులు వచ్చారు, వాళ్ల చేతుల్లో కెమెరాలు, ఫ్లాస్కులు, రేడియోలు వచ్చాయి. వాటి మీద చిలకా లేదు, మేకా లేదు. అక్షరాలు మాత్రమే ఉండేవి. బొమ్మ లేని సరుకును ఏమని పిలవాలో మా వాళ్లకు తెలియలేదు. ఇంగ్లీషు చదువుకున్నవాడు కావలసి వచ్చింది. మా వీధికి ఆ అవసరం పడిన సమయానికి కృష్ణగిరి కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతూ నేను దొరికాను. ఆ చదువు వల్ల ఎవరికైనా ఉపయోగం కలగడం అదే మొదలు.

ఆ హోదాతోనే మా పెద్దక్క పెళ్లిలో నన్ను మైకు ముందు నిలబెట్టారు. చదివింపులు చదవాలి. ఎవరు ఏ కానుక తెచ్చారో సభకంతా వినిపించే పని. పేర్ల చీటీలు వరసగా నా చేతికి ఇచ్చారు. మా వాళ్లలో మేనమామ కానుక ముందు చదవడం రివాజు. మా మేనమామ, అంటే మా అమ్మ తమ్ముడు, మత్తూరులో తాళ్లు, బొక్కెనలు, ఎద్దులకు పగ్గాలు అమ్మేవాడు. ఆయన ఒక పెద్ద ఇత్తడి గంగాళం తెచ్చాడు. ఇద్దరు మోయాల్సినంత గంగాళం. ఆయన, అత్త బస్సు మీద నుంచి దించి తెచ్చారు.

కానీ చీటీల మధ్యలో ఒక విదేశీ రేడియో ఉంది. బెంగుళూరు నుంచి పెళ్లికొడుకు తరఫువాళ్లు తెచ్చింది. దాని పేరు పలకగలవాడిని ఆ సత్రంలో నేనొక్కడినే. కాబట్టి ముందు అదే చదివాను. అది చదివిన ఊపులో ఇంకో అయిదు చదివాను. ఏడోది చేతికి వచ్చేసరికి ఊపు తగ్గింది. "మత్తూరు, గంగాళం ఒకటి" అన్నాను. మామ అని కూడా అనలేదు.

మామ భోజనం చేసి, పెద్దక్క తలమీద చెయ్యి పెట్టి దీవించి, మత్తూరు బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆయన అనాల్సినవన్నీ తర్వాత పదేళ్ల పాటు మా అమ్మ అన్నది.

ఆ పదేళ్లలో నేను డిగ్రీ ముగించి, హోసూరులోనే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. చిన్నక్కకు కృష్ణగిరి సంబంధం కుదిరింది. పెళ్లి ఇంకా ఇరవై రోజులు ఉందనగా ఒక సాయంత్రం మామ మా ఇంటికి వచ్చాడు. కొత్త నులక తాళ్ల కట్ట ఒకటి భుజాన ఉంది. కట్ట విప్పితే లోపల గోనెసంచి, గోనెసంచిలో తువ్వాలు, తువ్వాల్లో ఒక గడియారం. అల్మారా మీద పెట్టుకునే రకం, నల్లకర్ర పెట్టె, తెల్లటి ముఖం. ముఖం మీద ఆరు ఇంగ్లీషు అక్షరాలు.

"ఏందిరా ఇది?" అంది అమ్మ.

"గడియారం అక్కా. జర్మనీది. బెంగుళూరులో తీసుకున్న్యాను. ఈసారి పాప పెండ్లిలో ఇది చదవాల. మొదట చదవాల."

మొదట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

దాన్ని ఇంటికి తేవడం కూడా అంత సులభంగా జరగలేదట. రాష్ట్రం సరిహద్దున జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపి సంచులు తడుముతున్నారు. అవతలి రాష్ట్రం మద్యం మా వైపు తేవడం నేరం. కర్ణాటక నుంచి వచ్చే ప్రతి సంచిలో సీసా ఉంటుందని వాళ్ల నమ్మకం, అది పూర్తిగా తప్పేమీ కాదు. మామ ఒళ్లో సంచిని ఆఫీసరు చేత్తో నొక్కి చూస్తుండగా నాలుగయింది. సంచి ముందు ఒక చిన్న పాట పాడి, తర్వాత నాలుగు గంటలు కొట్టింది.

"బస్సంతా నవ్విందప్పా," అన్నాడు మామ. "అది పర్వాలేదు. రసీదు చూపించినాను, సరే అన్న్యాడు. ఏం మార్కు అని అడిగినాడు. అంగడోడు జూలిగ్ అని చెప్పింటే నేనూ జూలిగ్ అన్న్యాను. నవ్వినాడు. నా తాళ్ల కట్ట చూసి, పల్లెటూరోళ్ల నోట్లో పడితే జర్మనీ గడియారం గూడా పగ్గమైపోతుంది అన్న్యాడు."

"వాడికి మాత్రం తెలుసునా మామా?"

"తెలిసే నవ్వింటాడు గదప్పా, ఆఫీసరు. నువ్వు చదువుకున్నోడివి. ఇంగ్లీషోళ్లు దీన్ని ఎట్లంటారో కనుక్కో. అట్లే మైకులో చదువు. నాకు ఇంగేమీ వద్దు."

ఈ విధంగా ఆయన గౌరవం రెండోసారి నా నాలుక మీదికి వచ్చింది.

మొదట కృష్ణగిరి వెళ్లి మా పాత ఇంగ్లీషు లెక్చరర్‌ను అడిగాను. అక్షరాలు కాగితం మీద రాసుకుని పోయాను: జెడ్, ఇ, యు, ఎల్, ఐ, జి. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి, పెదవులు సున్నాలాగా చుట్టి, "జ్యూలిగ్" అన్నాడు. జూ కాదు, జ్యూ. ఆ రెంటికీ తేడా తెలియనందువల్లే దేశం ఇట్లా ఉందని కూడా అన్నాడు. ఆయన ఆ గడియారాన్ని ఎప్పుడూ చూడలేదు. అది ఆయన నమ్మకానికి ఏమీ అడ్డు రాలేదు.

లెక్చరర్ ఎంతైనా మనవాడే కదా అనిపించింది. అసలు ఇంగ్లీషు మనిషిని అడుగుదామని మత్తిగిరి పోయాను. అక్కడ ఒక ముసలి ఇంగ్లీషు దొరసాని ఉండేది. దేశం వదిలి అందరూ వెళ్లిపోతున్నప్పుడు కుక్కలను వదల్లేక ఆగిపోయిందని చెప్పుకునేవాళ్లు. గులాబీ మొక్కల దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. కాగితం చూపించాను.

"జీలిగ్," అంది. "మేమెప్పుడూ జీలిగ్ అనే అన్నాం."

"జూలిగ్ కాదా అమ్మా?"

"మా ఆయన ఇంకేదో అనేవాడు. యుద్ధంలో కొన్నాళ్లు వాళ్ల దేశంలో ఖైదీగా ఉన్నాడులే. గొంతులోంచి ఏదో శబ్దం చేసేవాడు. భోజనం బల్ల దగ్గర అట్లా మాట్లాడొద్దని చెప్పేదాన్ని."

టీ ఇచ్చింది. బిస్కెట్టు కూడా ఇచ్చింది, కానీ అది నాకా, కుక్కకా అన్నది చివరిదాకా తేలలేదు. వచ్చేటప్పుడు మా ఊరి పేరు ఆమె నోట విన్నాను: "ఊసూర్." నలభై ఏళ్లుగా ఆ ఊరి పక్కనే ఉంది. జర్మనీ చాలా దూరం కదా అనుకున్నాను.

ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ వస్తూ ఒక సంగతి గ్రహించాను. మనం ఇంగ్లీషు పేరు పలికేటప్పుడు తప్పేమో అని భయపడతాం. ఇంగ్లీషువాళ్లు పరాయి పేరు పలికేటప్పుడు భయపడరు. పేరే సర్దుకుంటుంది.

ఇక మిగిలింది ఆ పేరు పుట్టిన దేశంవాడు. అదృష్టానికి మా ఫ్యాక్టరీలో కొత్త యంత్రం బిగించడానికి ఒక జర్మన్ ఫిట్టరు వచ్చి ఉన్నాడు. పెద్ద మనిషి, ఎర్రటి చేతులు. ఆయన ఇంగ్లీషు, నా ఇంగ్లీషు రెండూ తెచ్చిపెట్టుకున్నవే కాబట్టి మాకు బాగా కుదిరేది. కాగితం చూసి ఆయన పని ఆపాడు. వాళ్ల అవ్వ వంటింట్లో ఉండేదట ఆ గడియారం. ఆ తర్వాత పేరు పలికాడు: "చోయ్‌లిష్."

మామూలు చ కాదు. మా అవ్వ చుట్ట అన్నప్పుడు, చుక్క అన్నప్పుడు, పళ్ల వెనకాల నాలుక తగిలి వచ్చే చ. నేను ఒక్కసారికే పలికాను. ఆయన చెయ్యి తుడుచుకుని మరీ కరచాలనం చేశాడు. "ఇంగ్లీషువాళ్లకు ఇది జన్మలో రాదు," అన్నాడు. ఆ మాట విన్న తర్వాత నాలో వివేకం అనేది మిగల్లేదు.

ఆదివారం మత్తూరు పోయి మామకు చెప్పాను. అంగడి ముందు పగ్గాలు వేలాడదీస్తున్నాడు.

"చోయ్‌లిష్ మామా."

"ఏమీ?"

"చోయ్‌లిష్. చుట్టలో చ."

ఆయన రెండుసార్లు నోట్లోనే అనుకున్నాడు. "ఇది ఇంగ్లీషోళ్లు అనేదేనా?"

"వాళ్లు అనేది తప్పు మామా. గడియారం చేసినోళ్లు అనేది ఇది."

"నేను అడిగింది ఇంగ్లీషోళ్లది గదప్పా."

"వాళ్లకంటే ఇది మేలు."

పగ్గం ముడి బిగించాడు. "సరే. చదివినోడివి నువ్వు," అన్నాడు. ఆ మాటను నేను మెప్పుగా తీసుకున్నాను.

పెళ్లి హోసూరు సత్రంలో. ముహూర్తం తొమ్మిదిన్నరకు. పెళ్లికొడుకు తరఫువాళ్లు కృష్ణగిరి నుంచి బాడుగకు మాట్లాడుకుని వచ్చిన బస్సు పన్నెండున్నరకు తిరిగి బయలుదేరాలి. అందుకని మా నాయన వంటమేస్త్రీకి ముందే గట్టిగా చెప్పి పెట్టాడు: పదకొండు కొట్టగానే ఆకులు పడాలి, ఒక్క నిమిషం ఆలస్యం కాకూడదు. వంటమేస్త్రీకి వాచీ లేదు. "కొట్టితే చెప్పండప్పా, వేసేస్తాను," అన్నాడు.

తాళి కట్టడం అయింది. పదిన్నరకు మైకు నా చేతికి వచ్చింది. మండపం పక్కన బల్లమీద గడియారం పెట్టారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆడవాళ్ల వరస చివర, స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. అత్త ఆయన పక్కనే ఉంది. ముందు కుర్చీలో పెళ్లికొడుకు తండ్రి, కృష్ణగిరిలో బట్టల అంగడి ఉన్నాయన, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "మొట్టమొదటగా, పెళ్లికూతురి మేనమామ, మత్తూరు మామగారు, అత్తగారు, ప్రేమతో చదివించిన కానుక. జర్మనీ దేశపు చోయ్‌లిష్ గడియారం."

చ ఎంత శుద్ధంగా వచ్చిందంటే గొట్టం మైకులో ఉమ్మినట్లు వినిపించింది.

వెనక ఎవరో, "చైనాదేమో," అన్నారు. పెళ్లికొడుకు తండ్రి పక్కవాడి వైపు వంగాడు. ఆయన గుసగుస కూడా బట్టలు బేరమాడినంత గట్టిగానే ఉంటుంది.

"జూలిగ్ అయితే మాకు తెలుసప్పా, మా ఇంట్లోనే ఉండాది. ఇదేంది, చోయ్? మార్కెట్టులో తిరుగుతా ఉంటాయే, డూప్లికేట్లు. పాపం, పల్లెటూరాయనకు ఎవరో అంటగట్టింటారు."

ముందు రెండు వరసలు నవ్వాయి. చెడ్డ నవ్వు కాదు, జాలినవ్వు. అదే ఇంకా కష్టం.

నేను సరిదిద్దబోయాను. మైకు పట్టుకుని, జూలిగ్ అనేదే తప్పని, జర్మన్ భాషలో ఆ అక్షరం అట్లా పలకదని, దాన్ని మన చుట్టతో పోల్చవచ్చని చెప్పాను. ఆహ్వానితులకు మూడేళ్ల బి.ఏ. పాఠం రెండు నిమిషాల్లో అందింది. పెళ్లికొడుకు తండ్రి, "చుట్టల కంపెనీదా?" అన్నాడు. ఈసారి నాలుగు వరసలు నవ్వాయి.

స్తంభం వైపు చూశాను. మామ ముఖం పదేళ్ల క్రితం గంగాళం రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ రోజు నేను చూడలేదనుకున్నాను. చూశానన్నమాట.

ఆయన జనంలోంచి మెల్లగా నడిచి వచ్చాడు. "పక్కకు జరుగప్పా," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. బస్సులో సీటు అడిగినట్లు అన్నాడు. మైకు స్టాండును రెండు చేతులతో ఎత్తి బల్ల దగ్గర, గడియారానికి జానెడు దూరంలో పెట్టాడు. గాజు తలుపు తెరిచాడు. తాళ్లు పేని పేని కాయలు కాసిన ఆ చూపుడువేలితో పెద్ద ముల్లును పట్టి, జాగ్రత్తగా, ఎద్దును దారి తిప్పినట్లు తిప్పి, పన్నెండు అంకె దగ్గర వదిలాడు. చిన్న ముల్లు పదకొండు మీదికి వచ్చింది.

మొదట ఆ చిన్న పాట వచ్చింది. గోనెసంచిలో ఎట్లా వినిపించిందో తెలియదు కానీ, గొట్టం మైకులో అది సత్రం దాటి, వీధి దాటి, బస్టాండు దాకా పోయింది. తర్వాత గంటలు. ఒకటి, రెండు. ముందు వరస నవ్వు మూడో గంటకు ఆగింది. ఒక్కో గంట మోగి, దాని వెనక మోత పూర్తిగా ఆరిపోయిన తర్వాతే ఇంకోటి వచ్చేది, తొందర లేదు. అంతమంది పెళ్లివాళ్లు అంతసేపు ఏమీ మాట్లాడకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. మండపంలో చిన్నక్క తల ఎత్తి మామనే చూస్తోంది.

పదకొండో గంట ఆగింది. పెరట్లోంచి వంటమేస్త్రీ గొంతు వినిపించింది:

"కొట్టిందప్పా, ఆకులు వేయండి!"

ఆకులు పడ్డాయి. ఆకులు పడ్డాక మనుషుల్ని కుర్చీల్లో ఎవరూ ఆపలేరు. మొదటి బంతిలో చోటు కోసం అందరూ లేచారు. అప్పటికి నిజంగా పదీ నలభయ్యో ఏమో. మా నాయన వాచీ చూసుకున్నాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఊపాడు. చివరికి జర్మనీవాళ్లు తప్పు చెప్పరని ముల్లు ముందుకు తిప్పుకున్నాడు. ఆ రోజు పప్పు కొంచెం పలుకుగా ఉందని మాత్రం తర్వాత కొందరు అన్నారు. కృష్ణగిరి బస్సు ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరింది. మా వంశంలో అట్లాంటిది అదొక్కటే.

పెళ్లికొడుకు తండ్రి భోజనానికి పోతూ పోతూ బల్ల దగ్గర ఆగాడు. వంగి గడియారం ముఖం చూశాడు. ఇంకా వంగి చూశాడు.

"ఇది మా ఇంట్లో ఉండేదే గదప్పా. జూలిగే ఇది."

నేను నోరు తెరిచాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరు ఎట్లంటే అట్లేనప్పా," అన్నాడు ఆయనతో. "రాండి, ఆకు ముందర కూర్చుందాం."

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. మిగిలిన చీటీలను నేను భోజనాల తర్వాత చదివాను. వినడానికి ఇద్దరు చిన్నపిల్లలు, షామియానా విప్పుతున్న ఒక మనిషి ఉన్నారు. ఆ షామియానా తాళ్లు కూడా మామ అంగడివే.

సాయంత్రం మత్తూరు బస్సు ఎక్కించడానికి బస్టాండుకు నేనే పోయాను. అత్త ముందే ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. ఏదో ఒకటి అనాలని చాలాసేపు వెతికాను. క్షమాపణ చెప్పడానికి మా ఇళ్లల్లో అప్పట్లో మాటలు ఉండేవి కావు.

"మామా, పెద్దక్క పెండ్లిలో ఆ గంగాళం..."

"ఏడోది," అన్నాడు మామ. "నాకు జ్ఞాపకమే." బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగాడు. "ఇది మొదటిది. చివరిది గూడా అదే అయిపోయె గదప్పా." అప్పుడు నవ్వాడు. పదేళ్ల తర్వాత నేను చూసిన నవ్వు.

ఇప్పుడు మామ లేడు. దొరసాని లేదు, లెక్చరర్ లేడు. జర్మన్ ఫిట్టరు యంత్రం బిగించి వెళ్లిపోయాడు. అది మాత్రం చాలా ఏళ్లు ఆడింది. గులాబీల మత్తిగిరిలో ఇళ్లు లేచాయి. నేను చ ఇప్పటికీ బాగానే పలుకుతాను, అడిగేవాళ్లు లేరు.

చిన్నక్క ఇంట్లో, కృష్ణగిరిలో, నడవలో ఒక అల్మారా ఉంది. దాని మీద రెండు గడియారాలు పక్కపక్కన ఉంటాయి. ఒకే పెట్టె, ఒకే ముఖం, ఒకే ఆరు అక్షరాలు. వాళ్ల మామగారు కొన్నదాన్ని జూలిగ్ అంటారు. రెండోదాన్ని మామ గడియారం అంటారు. ఆ ఇంట్లో పిల్లలు అవి వేరు వేరు కంపెనీలవనే అనుకుంటూ పెరిగారు. ఎవరూ దిద్దలేదు, నేను కూడా.

రెండింటికీ అక్క ఒకేసారి కీ ఇస్తుంది, ఒకేసారి సరిచేస్తుంది. కానీ అవి కలిసి కొట్టగా నేనెప్పుడూ వినలేదు. మామది కొంచెం ముందు కొడుతుంది.